మా ఊరి చరిత్ర పక్క రాష్ట్రంలో ఉంది

ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటున్న నా చిన్ననాటి స్నేహితుడొకడు ఆ మధ్య కొన్ని ఛాయాచిత్రాలు పంపాడు. అతడుండే చోటికి దగ్గరలో రట్లండ్ అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే గాని, రట్లండ్‌ను జిల్లా అనడానికి మనకు నోరు రాదు. దాని విస్తీర్ణం 382 చదరపు కిలోమీటర్లు. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నవారు సుమారు 41 వేల మంది. మన లెక్కలో ఒకటి రెండు మండలాలన్నమాట. ఇంగ్లండు చారిత్రక కౌంటీలలో అన్నిటికంటె చిన్నది అదే. "కొంచెంలో ఎంతో" అనే అర్థం వచ్చే లాటిను మాటను ఆ కౌంటీ తన నినాదంగా పెట్టుకుంది.

ఆ చిత్రాలలో ఒకటి ఓకమ్ అనే ఊళ్లోని కోట లోపలిది. కోట అంటే ఇప్పుడు మిగిలింది ఒక విశాలమైన సభామందిరం మాత్రమే. 1180, 1190ల మధ్య కట్టినదట. దాని గోడల నిండా గుర్రపు లాడాలు వేలాడుతున్నాయి. రాజవంశీకులు గాని, ప్రభువులు గాని మొదటిసారి ఆ ఊరికి వస్తే ఆ కోటకు ఒక లాడం సమర్పించుకోవాలన్నది అక్కడి ఆచారం. అలా శతాబ్దాలుగా వచ్చి చేరినవి రెండు వందలకు పైగా ఉన్నాయి. ఇంకొక చిత్రంలో నీళ్ల మధ్య నిలబడిన చర్చి. 1970లలో అక్కడొక పెద్ద జలాశయం కట్టినప్పుడు నార్మంటన్ అనే చోటి చర్చి మునిగిపోవలసి వచ్చింది. జనం ఒప్పుకోలేదు. కింది భాగాన్ని రాళ్లతో నింపి, చుట్టూ కట్ట పోసి, పై సగాన్ని నీటి అంచున నిలబెట్టుకున్నారు. మూడవది పొలంలో బయటపడిన రోమన్ కాలపు నేల. 2020లో, కరోనా లాక్‌డౌన్ రోజులలో, కెట్టన్ గ్రామం దగ్గర ఒక రైతు కుటుంబానికి తమ పొలంలో విచిత్రమైన పెంకులు కనిపించాయి. తవ్వి చూస్తే ట్రాయ్ యుద్ధంలోని అకిలీస్, హెక్టరుల కథను రంగురాళ్లతో పొదిగిన నేల బయటపడింది.

చిత్రాల కింద నా స్నేహితుడు ఒకే ఒక్క వాక్యం రాశాడు: "ఇంత చిన్న చోట ఇన్ని ఉన్నాయి, మన మొగుడంపల్లి చుట్టూ ఏమున్నాయిరా?"

వెంటనే జవాబు రాయలేకపోయాను. ఆ వాక్యం నన్ను కొన్నాళ్లు వెంటాడింది. ఈ వ్యాసం ఆలస్యంగా రాస్తున్న ఆ జవాబే.

*

మా ఊరి పేరు వినగానే కొత్తవారు ముందు నవ్వుతారు. "మొగుడంపల్లా? మరి పెళ్లాంపల్లి ఎక్కడ?" అని అడగని మనిషిని నేనింకా చూడలేదు. నవ్వులు అయిపోయిన తరువాత ఎక్కడుందని అడుగుతారు. జహీరాబాదు దగ్గర అంటాము. జహీరాబాదు ఎక్కడంటే హైదరాబాదు నుంచి బొంబాయి పోయే రహదారిలో, 100 కిలోమీటర్లు దాటిన తరువాత వస్తుంది. ఇంకొంచెం ముందుకు పోతే కర్ణాటక. ఎర్రటి నేల, చెరకు, అల్లం, ఆలుగడ్డ. మా మాటలో తెలుగు ఎంతో కన్నడం, ఉర్దూ, మరాఠీ కలిసి అంత. జడిమల్కాపురం జలపాతం చూడడానికి వానాకాలంలో వచ్చే పర్యాటకులను మినహాయిస్తే మా వైపు పని పెట్టుకుని వచ్చేవారు తక్కువ.

స్నేహితుడి ప్రశ్నకు మొదట నా మనసులో మెదిలిన సమాధానం: "మన దగ్గర ఏమీ లేదు, ఉన్నవన్నీ బీదరులో ఉన్నాయి." ఆ సమాధానంలోని తప్పు తెలుసుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. మా తాత బతికున్న రోజులలో జిల్లా పేరు అడిగితే తడుముకోకుండా బీదరు అనేవాడు. "మెదక్ గద తాతా" అని మేము దిద్దితే, "మెదక్ నిన్న మొన్నటిది బిడ్డా, మనది బీదరు జిల్లా" అనేవాడు. ముసలితనం అనుకుని నవ్వుకునేవాళ్లం. తప్పు మాదే.

నిజాము రాజ్యంలోను, ఆ తరువాత 1956 దాకా సాగిన హైదరాబాదు రాష్ట్రంలోను జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలో భాగం. 1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలను పునర్విభజించినప్పుడు ఆ జిల్లాను మూడు ముక్కలు చేశారు. ఉద్గీరు, అహ్మద్‌పురం, నీలంగా తాలూకాలు మరాఠీ ప్రాంతాలుగా బొంబాయి రాష్ట్రానికి పోయాయి. బీదరు, భాల్కీ, హుమ్నాబాదు వైపు కన్నడ ప్రాంతాలుగా మైసూరు రాష్ట్రానికి పోయాయి. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు, వాటితో పాటు బీదరు తాలూకాలోని న్యాలకల్ ఫిర్కా తెలుగు ప్రాంతాలుగా ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో కలిశాయి. 2014లో తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా వచ్చింది, మొగుడంపల్లి మండలమైంది. ఆ తరం మనిషి ఎవరైనా ఇంకా ఉంటే, ఇల్లు కదలకుండానే మూడు రాష్ట్రాలను, మూడు జిల్లాలను చూసినట్లు లెక్క.

భాషను బట్టి గీసిన గీతను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. తెలుగువారు తెలుగు బడిలో చదువుకోవాలంటే గీత ఎక్కడో ఒకచోట పడక తప్పదు. అయితే పాలన కోసం గీసిన ఆ గీత క్రమంగా చరిత్రకు కూడా సరిహద్దైంది. మా బడి పుస్తకంలో కాకతీయులు ఉన్నారు, కుతుబ్‌షాహీలు ఉన్నారు. జహీరాబాదుకు 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో రాజధాని పెట్టుకుని మా నేలను ఏలిన బహమనీలకు ఒక పేరా దక్కింది. కల్యాణి చాళుక్యులకు అంతకంటె తక్కువే దక్కింది. వారిద్దరూ "పక్క రాష్ట్రం వారు" అయిపోయారు.

*

ఆ పక్క రాష్ట్రంలోకే ముందుగా పోదాం.

బీదరును అర్థం చేసుకోవాలంటే నేల నుంచి మొదలుపెట్టాలి. మా జహీరాబాదుదీ, బీదరుదీ ఒకే పీఠభూమి. అడుగున నల్లని అగ్నిశిల, పైన ఎర్రని జేగురురాయి. ఈ ఎర్రరాయి తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన కొద్దీ గట్టిపడుతుంది. 1430 ప్రాంతంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని బీదరుకు తరలించి కోటను పెంచి కట్టించినప్పుడు ఆ రాయే గోడలైంది, ఆ రాతినే తొలిచి కందకాలు తీశారు. మా వైపు పాత ఇళ్ల పునాదులలో కనిపించేది, బావి తవ్వితే తగిలేది కూడా అటువంటి ఎర్రరాయే.

ఆ రాతికి ఇంకొక గుణం ఉంది. అది స్పంజి లాంటిది, వాన నీటిని లోపలికి పీల్చుకుంటుంది. కింది నల్లరాయి నీటిని దిగనివ్వదు. అందువల్ల రెండింటి నడుమ నీరు సన్నని ఊటగా పారుతుంటుంది. ఈ సంగతి కనిపెట్టి, పారశీక దేశపు పద్ధతిలో, ఊట నీటిని భూమి లోపలి సొరంగం గుండా నడిపించి ఊరికి అందించారు. దానినే కరేజు అంటారు. స్థానికులు సురంగబావి అంటారు. బీదరు శివారులోని నౌబాదు కరేజు అలాంటిదే. పై నుంచి చూస్తే పొలాల మధ్య వరుసగా బావులు కనిపిస్తాయి. నిజానికవి సొరంగానికి గాలి, వెలుతురు అందించే నిలువు రంధ్రాలు. చాలాకాలం పూడిపోయి ఉన్న దీనిని ఈ శతాబ్దంలో పరిశోధకులు మళ్లీ వెలుగులోకి తెచ్చారు. 2014లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారు కాపాడుకోవలసిన కట్టడాల జాబితాలో దక్కను పీఠభూమి పాత నీటి వ్యవస్థలను చేర్చారు. వేసవిలో బోర్లు ఎండిపోయి నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే మా ప్రాంతపు వారికి, అదే నేలలో ఆరు వందల ఏళ్ల కిందట నీటిని ఎలా పట్టారో తెలియాలా వద్దా?

బీదరులో అందరూ చూసేది మహమూద్ గవాను మదరసా. 1472లో పూర్తయింది. గవాను గిలాను ప్రాంతం నుంచి వ్యాపారిగా వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన పండితుడు. మూడంతస్తుల ఆ విద్యాలయంలో పండితులకు, విద్యార్థులకు గదులు, గ్రంథాలయం, ముందు వైపు రంగురంగుల పెంకులు తాపిన మీనారులు ఉండేవి. శత్రువులు సృష్టించిన దొంగ ఉత్తరాన్ని నమ్మి సుల్తాను 1481లో ఆ వృద్ధుడి తల తీయించాడు. ఆ తరువాత రాజ్యం ఎన్నాళ్లో నిలవలేదు, అయిదు ముక్కలైంది. ఆ అయిదింటిలో ఒకటి గోల్కొండ. అంటే తెలుగువారు తమదని గర్వంగా చెప్పుకునే గోల్కొండ రాజ్యం పుట్టింది బీదరు నుంచే. మదరసాలో సగం ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలి కూలిపోయింది. ఒక మీనారు, దాని మీద కొన్ని నీలి పెంకులు మిగిలాయి.

నాకు అంతకంటె ఇష్టమైనది బీదరుకు కొద్ది దూరంలోని అష్టూరు. అక్కడ బహమనీ సుల్తానుల సమాధులు వరుసగా ఉన్నాయి. హుమాయూను సమాధి మీద పిడుగు పడి గుమ్మటం నిలువునా చీలి, లోపలి కట్టుబడి ఎలా ఉంటుందో పాఠం చెబుతున్నట్లు నిలబడింది. 1436లో చనిపోయిన అహ్మద్ షా సమాధి లోపలి కప్పు నిండా రంగుల చిత్రణ, బంగారు అక్షరాలు. ఆయనను ముస్లిములు వలీ అని కొలిస్తే, లింగాయతులు అల్లమప్రభువు రూపమని కొలుస్తారు. ఏటా జరిగే ఉత్సవానికి గుల్బర్గా వైపు నుంచి ఒక జంగమయ్య వచ్చి, శంఖం ఊది, పూలు సమర్పిస్తాడు. ఒకే సమాధి దగ్గర ఫాతిహా, శంఖనాదం రెండూ వినిపించే చోటు అది.

ఇక బిద్రీ పని. జస్తాకు కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద వెండి తీగ పొదిగి, కోట లోపలి పాత మట్టిని నవాసాగరంతో కలిపి కాచిన నీటిలో ముంచితే జస్తా నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. పనివారు ఆ మట్టిని నాలుక మీద వేసుకుని రుచిని బట్టి ఎంచుతారు. ఒక నేల తన రుచితో సహా ఒక కళలోకి దిగడం ఇదే.

*

బీదరు దాటి, హుమ్నాబాదు మీదుగా ఇంకా పడమటికి పోతే బసవకల్యాణ్ వస్తుంది. నేడది ఒక తాలూకా పట్టణం. పదకొండు, పన్నెండు శతాబ్దాలలో అది దక్కనుకు రాజధాని. 1076 నుంచి 1126 దాకా ఏలిన ఆరవ విక్రమాదిత్యుడి కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. 1810లో కోల్‌బ్రూక్ అనే ఇంగ్లీషు పండితుడు దానిలోని దాయభాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అప్పటి నుంచి బ్రిటిషు న్యాయస్థానాలు బెంగాలు వంటి ప్రాంతాలు తప్ప దేశమంతటా హిందువుల ఆస్తి పంపకాలను దాని ప్రకారమే తీర్చాయి. నేటికీ ఉమ్మడి ఆస్తి తగాదాలలో ఆ పేరు వినిపిస్తూనే ఉంటుంది. మా ఊళ్లో అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర నిలబడి వాటాల కోసం వాదించుకునేటప్పుడు, ఆ వాదనకు మూలమైన పుస్తకం బస్సెక్కితే పూటలో చేరగల ఊళ్లో పుట్టిందని వారికి ఎవరు చెప్పాలి?

పన్నెండవ శతాబ్దిలో అదే కల్యాణంలో బసవేశ్వరుడు కులం, పుట్టుక లెక్కించని శరణుల సమాజాన్ని కూడగట్టాడు. ఇక్కడ తెలుగువారు తప్పక గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. బసవని కథను తొలిసారి సమగ్ర కావ్యంగా మలచినది మన పాల్కురికి సోమనాథుడు. 13వ శతాబ్దిలో తెలుగు ద్విపదలో ఆయన రాసిన బసవపురాణాన్ని ఆధారం చేసుకునే 1369లో భీమకవి కన్నడ బసవపురాణం రాశాడు. కన్నడ దేశపు కథ తెలుగులో కావ్యమై, తిరిగి కన్నడానికి చేరింది. ఆ రోజుల్లో కథకు సరిహద్దు లేదు. పాల్కురికి కల్యాణాన్ని పక్క రాష్ట్రం అనుకుని ఉంటే మనకు బసవపురాణం ఉండేది కాదు.

దారిలోనే, హుమ్నాబాదు దగ్గర జలసంగి అనే పల్లె ఉంది. అక్కడి శివాలయపు వెలుపలి గోడల మీద నిలువెత్తు స్త్రీ శిల్పాలు ఉన్నాయి. వారిలో ఒకామె మనకు వీపు చూపి, ఒంటిని మెలితిప్పి నిలబడి, రాతి పలక మీద రాస్తున్నది. రాస్తున్నట్లు అభినయం కాదు, అక్కడ నిజంగానే అక్షరాలు ఉన్నాయి. విక్రమాదిత్యుడిని కీర్తించే సంస్కృత శ్లోకమది. తొమ్మిది వందల ఏళ్లుగా ఒక స్త్రీ రాస్తూనే ఉన్న ఆ దృశ్యాన్ని చూసినప్పుడు, మనం ఏం రాస్తున్నామన్న సిగ్గు కలుగుతుంది.

*

ఇక గీతకు ఇటు వైపు. స్నేహితుడికి మొదట "ఏమీ లేదు" అనబోయాను గదా. లెక్కపెడితే అలా అనడానికి లేదు.

ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడున్నాడు. మొగలిపువ్వు శివపూజకు పనికిరాదన్నది లోకమంతటా ఉన్న కట్టుబాటు. శివలింగపు కొన చూశానని బ్రహ్మ అబద్ధమాడితే, దొంగసాక్ష్యం చెప్పినందుకు మొగలిపువ్వుకు శాపం తగిలిందని కథ. అటువంటి మొగలిపువ్వుతో శివుడికి పూజ జరిగే అరుదైన క్షేత్రం ఝరాసంగం. గుడి వెనుక నీటి ఊట ఉంది, ఊరి పేరులోని ఝర అదే. మహాశివరాత్రికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వేలమంది వస్తారు. ఆ మూడు రోజులు పాత బీదరు జిల్లా మళ్లీ ఒకచోట కూడినట్లుంటుంది. శపించబడిన పువ్వుకు చోటిచ్చిన దేవుడు మా వైపు ఉన్నాడని చెప్పుకోవడం నాకు ఇష్టం.

కోహీరులో సూఫీ సాధువుల సమాధులు, పాత జామియా మసీదు ఉన్నాయి. మౌలానా మొయిజుద్దీన్ తుర్కీ దర్గాకు హిందువులు, ముస్లిములు ఇద్దరూ మొక్కుతారు. సదాశివపేట దాటితే రహదారికి దగ్గరలోనే నందికంది. అక్కడి రామలింగేశ్వరాలయం 11వ శతాబ్ది నాటి కల్యాణి చాళుక్యుల కట్టడం, నక్షత్రాకారపు అడుగు మీద లేచింది. మండపంలోని నల్లరాతి స్తంభాల చెక్కుడు పని చూస్తే జలసంగి శిల్పులకు చుట్టాలే ఇక్కడా పని చేశారనిపిస్తుంది. రోజూ వేల వాహనాలు ఆ మలుపు దాటిపోతాయి. వాటిలో ఎన్ని ఆగుతాయన్నది వేరే సంగతి.

ఇంకా ముందుకు పోతే కొండాపురం. ఊరి పక్క దిబ్బను జనం కోటగడ్డ అంటారు. 1940ల మొదట్లో నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖ అధిపతి గులాం యజ్దానీ దానిని తవ్వించగా శాతవాహనుల కాలపు పట్టణం బయటపడింది. బౌద్ధ కట్టడాల పునాదులు, నాణేలు, తెల్లమట్టితో చేసిన సున్నితమైన బొమ్మలు, పూసలు దొరికాయి. 2009 తరువాత భారత పురావస్తుశాఖ మళ్లీ తవ్వింది. అక్కడ దొరికిన వాటిలో రోము చక్రవర్తి అగస్టసు కాలపు బంగారు నాణెం కూడా ఉంది. రట్లండ్ పొలంలో రోమన్ నేల దొరికితే ప్రపంచమంతా వార్త అయింది. అదే రోము బంగారం మన జొన్నచేల పక్కన దొరికిన సంగతి మన జిల్లాలో ఎందరికి తెలుసు? కొండాపురంలో ప్రదర్శనశాల ఉంది. పిల్లలను తీసుకుని ఒక ఆదివారం పోయి రండి.

మెదక్ చర్చిని కూడా ఈ వరుసలో చెప్పాలి. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లీషు మిషనరీ కరవు కాలంలో జనానికి పని, తిండి దొరికేలా దాని నిర్మాణం మొదలుపెట్టించాడు. 1924 డిసెంబరు 25న అది ప్రార్థనలకు తెరుచుకుంది. 175 అడుగుల గోపురం. దాని రంగుటద్దాల కిటికీలను గీసినవాడు లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఇంగ్లండు కౌంటీల చర్చిలలో ఉండే వెలుగు మన రాతి గోడల మధ్య పడుతుంది. కట్టిన చేతులు మాత్రం కరవులో కూలికి వచ్చిన మన పల్లె జనానివి.

*

చరిత్ర చిహ్నాలంటే గుళ్లు, కోటలు మాత్రమే గుర్తుకు వస్తాయి. గుర్తుగా ఒక్క రాయి కూడా పాతని జ్ఞాపకాలు ఉన్నాయి.

1948 సెప్టెంబరులో భారత సైన్యం సోలాపురం వైపు నుంచి హైదరాబాదుకు నడిచిన దారి మా దారే. 13న నల్‌దుర్గం దగ్గర మొదలై, హుమ్నాబాదు మీదుగా, 16న జహీరాబాదుకు చేరింది. దారిలో పాతిన మందుపాతరలను తీయడానికి ఆగవలసి వచ్చింది. బీదరు రోడ్డు రహదారిలో కలిసే కూడలి దగ్గర కాల్పులు జరిగాయి. మరునాడు నిజాము లొంగిపోయాడు. బడిలో ఇంతవరకే చెబుతారు.

అంతకుముందు రజాకార్లు పల్లెల మీద పడి చేసిన దుర్మార్గాల కథలు మా పెద్దలందరికీ తెలుసు. సైన్యం వచ్చిన తరువాత ముస్లిముల మీద జరిగిన హత్యాకాండ గురించి మాత్రం గొంతు తగ్గించి చెప్పేవారు, కొందరు చెప్పేవారే కాదు. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ సంఘం అదే ఏడు చివరలో పర్యటించి, రాష్ట్రమంతటా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అందరికంటె ఎక్కువ దెబ్బతిన్నవని రాసింది. బీదరు జిల్లా అంటే అప్పుడు మేము కూడా. ఆ నివేదిక అరవై ఏళ్లకు పైగా సామాన్యుల చేతికి అందలేదు. 1956లో జిల్లా ముక్కలయ్యేసరికి ఆ బాధను "మా జిల్లాలో జరిగింది" అని చెప్పుకునే వారు కూడా మూడు రాష్ట్రాలకు పంచబడ్డారు. మంచి చరిత్రను గీతకు అవతల పారేసుకున్న వాళ్లం, చేదు చరిత్రను కూడా అక్కడే పారేశాం. రెండూ మనవే. ఒకటి కావాలంటే రెండవది కూడా మోయాలి.

*

రట్లండ్ కథలో నేను చెప్పకుండా ఆపిన భాగం ఒకటుంది. 1974లో ఇంగ్లండులో కౌంటీల సరిహద్దులు మార్చినప్పుడు ఇంత చిన్న కౌంటీ దేనికని రట్లండ్‌ను రద్దు చేసి పక్కనున్న లెస్టర్‌షైరులో కలిపేశారు. అక్కడివారు ఒప్పుకోలేదు. 23 ఏళ్లు అడుగుతూనే ఉండి 1997లో తమ కౌంటీని తిరిగి తెచ్చుకున్నారు. అంత పట్టుదల ఎక్కడ నుంచి వచ్చింది? నాకు తోచినది చెబుతాను. అప్పటికే వారి కౌంటీ చరిత్ర రాసి పెట్టి ఉంది. విక్టోరియా రాణి పేరుతో మొదలైన కౌంటీ చరిత్రల వరుసలో రట్లండ్ మొదటి సంపుటం 1908లో, రెండవది 1935లో వచ్చాయి. ప్రతి ఊరికి, ప్రతి చర్చికి అందులో చోటుంది. పాలనలో లేని కౌంటీ పుస్తకంలో బతికి ఉంది.

సరిగ్గా ఆ 1935లోనే హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాల తొలి సంపుటం వేసింది. చేతిలో అధికారం లేని కొందరు తెలుగువారు చందాలు పోగుచేసుకుని చేసిన పని అది. అటు యజ్దానీ బీదరు కట్టడాల మీద పెద్ద గ్రంథం రాశాడు, అది 1947లో ఇంగ్లీషులో వచ్చింది. తొమ్మిదేళ్లు తిరిగేసరికి బీదరు జిల్లాయే పాత రూపంలో లేదు. తెలుగు శాసనాలు వెతికేవారికి బీదరు కన్నడ దేశం. బీదరును చదివేవారికి జహీరాబాదు తెలుగు దేశం. మా ఊళ్లు ఆ రెండు పుస్తకాల మధ్య సందులో పడ్డాయి.

ఆ సందులో ఏం జరుగుతుందో ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా చుట్టుపక్కల ఒక ఊళ్లో, ఊరి పేరు చెప్పను, బావి దగ్గర బట్టలుతికే బండను చూశాను. ఎండలో పక్కవాటుగా చూస్తే దాని మీద కత్తి పట్టిన మనిషి, పైన సూర్యచంద్రులు ఉన్నట్లు తెలిసింది. ఎప్పుడో ఊరి పశువుల కోసమో, ఆడవారి మానం కోసమో పోరాడి చనిపోయిన వీరుడి రాయి. బట్టలుతుకుతున్న పెద్దమ్మను అడిగాను. "మా అత్త కూడా దీని మీదనే ఉతికింది బిడ్డా, బొమ్మ ఉన్నదని మాకేమెరుక" అన్నది. ఆమెది తప్పెలా అవుతుంది? ఆ రాయి గురించి ఆమె చదవగల భాషలో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. మరుసటి సంవత్సరం పోయేసరికి బావి పూడ్చేశారు, రాయి లేదు. నా దగ్గర దాని ఛాయాచిత్రం కూడా లేదు. ఆ రోజు తీసుకోవాలన్న బుద్ధి నాకే పుట్టలేదు.

అయితే ఆశ లేకపోలేదు. మా ప్రాంతంలోనే పస్తాపురం కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దానిలోని దళిత మహిళా రైతులు మరిచిపోయిన పాతపంటల విత్తనాలను వెతికి దాచిపెట్టారు. 2008లో మాచనూరు నుంచి సంఘం రేడియో పెట్టి తమ మాట, తమ పాట, తమ సేద్యం తామే వినిపించుకున్నారు. బడికి పోనివారు విత్తనాన్ని, పాటను కాపాడగలిగినప్పుడు, చదువుకుని, కీబోర్డు మీద తెలుగు కొట్టగల మనం ఊరికొక రాయిని కాపాడలేమా?

మిత్రమా, నీ ప్రశ్నకు ఇది నా జవాబు. మొగుడంపల్లి చుట్టూ కోట ఉంది, మదరసా ఉంది, మొగలిపువ్వు దేవుడున్నాడు, రాతి మీద రాస్తున్న స్త్రీ ఉంది, రోము బంగారం దొరికిన దిబ్బ ఉంది, చెప్పుకోలేని దుఃఖం ఉంది. వాటిలో కొన్నిటికి చేరాలంటే రాష్ట్రం దాటాలి, అంతే. మా తాత చెప్పింది నిజం. మాది బీదరు జిల్లా కూడా.

చదివిన మిత్రులకు ఒక మనవి. మీ ఊరు ఏ సరిహద్దున ఉన్నా సరే, బళ్లారి వైపైనా, రాయగడ వైపైనా, హోసూరు వైపైనా, గీతకు అవతల మిగిలిపోయిన మీ చరిత్ర ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఎండాకాలం సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక రాయినో, బావినో, ముసలివారి మాటనో చూసి, విని, ఛాయాచిత్రం తీసి, తెలుగులో నాలుగు మాటలు రాయండి. వ్యాసం కానక్కరలేదు. ఊరి పేరు, రాయి ఉన్న చోటు, చూసిన తేదీ ఉంటే చాలు.